లోను తీసి కెమెరా కొననా, లేక ఆగనా?

ప్రశ్న: మాది ఒడిశాలో ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడి. వయసు 23. బీఎస్సీ అయింది. రెండేళ్లుగా ఫోనుతోనూ, బాబాయి దగ్గరున్న పాత కెమెరాతోనూ ఫొటోలు తీస్తున్నాను. చుట్టాల పెళ్లిళ్లలో నేను తీసినవి అందరికీ నచ్చాయి. ఇదే వృత్తిగా పెట్టుకోవాలని ఉంది. మూడు లక్షలు లోను తీసుకుని ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సారున్న) కెమెరా, లెన్సులు కొందామనుకుంటున్నాను. నాన్న బ్యాంకు పరీక్షలకు చదవమంటున్నారు. ఆడపిల్ల రాత్రిళ్లు పెళ్లిళ్లకు తిరగడమేమిటని అమ్మ భయం. మా ఊళ్లో ఈ పనితో బతకొచ్చా? దాపరికం లేకుండా చెప్పండి.

జవాబు: బతకొచ్చు. అయితే మీరు వేసుకున్న వరసను తిరగేయాలి. ముందు లోను, తర్వాత కెమెరా, ఆపైన ఆర్డర్లు అనుకుంటున్నారు. ముందు ఇంకొకరి ఆర్డర్లలో పనిచేయండి. తర్వాత మీ పేరు మీద చిన్న ఫంక్షన్లు చేయండి. ఆ డబ్బుతో కెమెరా కొనండి. అప్పటికీ చాలకపోతేనే లోను.

ఎందుకో లెక్క చూడండి. మూడు లక్షలు, 12 శాతం వడ్డీ, మూడేళ్ల గడువు అయితే నెల కిస్తీ దాదాపు 9,960 రూపాయలు. ఏడాదికి 1,19,500 పైమాటే. ఇప్పుడు రాబడి. మొదటి ఏడాది పది పెళ్లిళ్లు దొరికాయనీ, ఒక్కోటి 25,000కు ఒప్పుకున్నారనీ అనుకుందాం. ఆల్బమ్‌కు 7,000, మీతో వచ్చే రెండో మనిషికి 4,000, ప్రయాణానికి 1,500, మెమరీ కార్డులు, హార్డ్ డిస్కుల అరుగుదలకు 1,000. మొత్తం 13,500 పోతే మిగిలేది 11,500. పది పెళ్లిళ్లకు 1,15,000. కిస్తీకే ఇంకో నాలుగున్నర వేలు తక్కువ. ఇరవై ఆర్డర్లు వస్తే కిస్తీ పోగా నెలకు తొమ్మిది వేల పైచిలుకు చేతికొస్తుంది. ఈ అంకెలు లెక్క వేసే తీరు చూపడానికి రాసినవి. మీ ఊళ్లో, పాతపట్నంలో, టెక్కలిలో నలుగురిని అడిగి అసలు ధరలు వేసుకోండి. అంకెలు మారినా లెక్క మాత్రం ఇలాగే నడుస్తుంది.

ఈ లెక్కలో చాలామంది మరిచిపోయేవి రెండున్నాయి. ఒకటి, రోజులు. ఒక పెళ్లికి షూటింగ్ రెండు రోజులు, ఫొటోలు ఏరి రంగులు సరిచేయడానికి రెండు మూడు రోజులు, ఆల్బమ్ డిజైనుకు రెండు రోజులు, వెరసి వారం. రెండు, ముహూర్తాలు. పెళ్లిళ్లన్నీ ఒకే రోజున పడతాయి. ఒక మంచి ముహూర్తానికి మీకు ఐదు ఫోన్లు వచ్చినా చేయగలిగేది ఒక్కటే. ఆషాఢం, భాద్రపదం, పుష్యం దాదాపు ఖాళీ. మౌఢ్యమి వస్తే ఇంకొన్ని వారాలు పోతాయి. కిస్తీ మాత్రం ఆషాఢంలోనూ కట్టాలి. సరిహద్దులో ఉన్నందుకు మీకు ఒక లాభముంది. తెలుగు పంచాంగం, ఒడియా పాంజి పక్కపక్కన పెట్టుకుని చూడండి, రెండింటి ముహూర్తాలూ అన్నీ ఒకటి కావు. రెండు భాషలూ, రెండు రకాల పెళ్లితంతులూ తెలిసిన ఫొటోగ్రాఫరుకు అదనంగా కొన్ని తేదీలు దొరుకుతాయి. మహేంద్రతనయ నదికి ఇటూ అటూ పనిచేయగలగడం మీ ఊరివాళ్లకున్న పెద్ద ఆస్తి.

కాబట్టి రెండు సీజన్లు ఎవరైనా నిలదొక్కుకున్న ఫొటోగ్రాఫరు దగ్గర చేరండి. ఒకరి దగ్గరే ఉండిపోకుండా తెలుగు పెళ్లిళ్లు ఎక్కువ చేసేవాళ్లతో కొన్ని, ఒడియా పెళ్లిళ్లు చేసేవాళ్లతో కొన్ని చేయండి. మొదటి మూడు నాలుగు ఫంక్షన్లకు డబ్బు అడగకపోయినా ఫర్వాలేదు. లైటు స్టాండు పట్టుకోవడం, బ్యాటరీలు మార్చడం, నిండిన కార్డులు భద్రపరచడం, గ్రూప్ ఫొటోలకు చుట్టాలను పిలుచుకురావడం అప్పుడు నేర్చుకుంటారు. ఆ తర్వాత రోజుకింత అని మాట్లాడుకోవాలి. నేర్పుతున్నామన్న పేరుతో ఏడాదంతా ఊరికే పనిచేయించుకునే చోట ఉండకండి.

అక్కడ నేర్చుకోవలసింది కెమెరా బటన్లు కాదు, అవి వారంలో వచ్చేస్తాయి. మండపంలో వెలుతురు, తంతులో సమయం, ఈ రెండింటి మీదే మీ వృత్తి నిలబడుతుంది. అతిథులందరి చేతుల్లోనూ ఇప్పుడు మంచి ఫోన్లున్నాయి. పగటి వెలుతురులో నవ్వుతున్న మొహాన్ని వాళ్లే చక్కగా తీసుకుంటారు. అర్ధరాత్రి రెండున్నరకు, హోమం పొగలో, గులాబీ రంగు షామియానా కింద, జనం భుజాల మధ్య నుంచి తీయగలిగినందుకే మీకు డబ్బిస్తారు.

షామియానా సంగతే తీసుకోండి. ఇంట్లో తెల్ల సీలింగుకు ఫ్లాష్ కొట్టి వెలుతురును కిందికి దింపడం అలవాటైనవాళ్లు పందిట్లోనూ అదే చేస్తారు. గుడ్డ పసుపుదైతే మొహాలు పసుపు, ఎర్రదైతే మొహాలు ఎరుపు. తర్వాత కంప్యూటర్లో సరిచేయబోతే తెల్లపంచె నీలంగా మారుతుంది. అక్కడ ఫ్లాష్‌ను స్టాండు మీద పెట్టి, చిన్న గొడుగు తగిలించి, సుమారు ఏడడుగుల ఎత్తున, పీటలకు 45 డిగ్రీల పక్కగా నిలబెట్టాలి. హోమం దగ్గర కెమెరా మీది ఫ్లాష్ అసలు వాడకూడదు. అది పొగనే ముందు వెలిగిస్తుంది, వధూవరులు తెల్లటి మబ్బు వెనక ఉండిపోతారు. అదే లైటు పక్క నుంచో వెనక నుంచో వస్తే పొగ కూడా అందంగా పడుతుంది. ఫ్లాష్‌ను ఫుల్ పవరులో పెడితే మళ్లీ ఛార్జ్ కావడానికి సెకన్లు పడుతుంది. మూడు ముళ్లలో రెండు ముళ్లు ఆ సెకన్లలోనే పడిపోతాయి. ఐఎస్‌ఓ (కెమెరా వెలుతురును పట్టుకునే తీవ్రత) 1600 దాకా పెంచి, ఫ్లాష్‌ను ఎనిమిదో వంతుకో పదహారో వంతుకో తగ్గించుకుంటే వరసగా కొడుతుంది.

ఎల్ఈడీ లైట్ల కింద ఫొటోల మీద అడ్డంగా నల్ల చారలు పడతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, చవక లైట్లు సెకనుకు వందసార్లు వెలిగి తగ్గుతాయి. షట్టర్ తెరుచుకుని ఉండే సమయం సెకనులో 1/100 దగ్గరో 1/50 దగ్గరో ఉంటే ఒక పూర్తి విడత పడుతుంది, చారలు పోతాయి. 1/125, 1/250 దగ్గర వస్తాయి. మంత్రాలకు అడ్డమని చప్పుడు రాని సైలెంట్ (ఎలక్ట్రానిక్) షట్టర్ పెట్టేవాళ్లు ఎక్కువగా దెబ్బతింటారు, ఎలక్ట్రానిక్ షట్టరులో చారలు ఇంకా చిక్కగా వస్తాయి. మెకానికల్ షట్టరే వాడండి. స్టేజీ వెనకుండే ఎల్ఈడీ గోడల వేగం వేరు. వాటి ముందు జనం రాకముందే నాలుగైదు షట్టర్ వేగాలతో తీసి చూసుకోవాలి.

ఎర్ర పట్టుచీర ఇంకో ఉచ్చు. తెర మీద ఫొటో బాగానే కనిపిస్తుంది, వెలుతురు ఎంత పడిందో చూపే హిస్టోగ్రామ్ గ్రాఫూ మధ్యలోనే ఉంటుంది, ఎరుపు ఒక్కటీ పొంగిపోయి చీర మడతలన్నీ ఒకే ముద్దగా అచ్చవుతాయి. మూడు రంగుల హిస్టోగ్రామ్ విడివిడిగా చూపే సెట్టింగ్ పెట్టుకుని, ఎరుపు కుడి గోడకు తగలకుండా వెలుతురును అర స్టాపు (అర మెట్టు) తగ్గించండి. బరంపురం పట్టు కట్టిన పెళ్లికూతురి చీర నేతే కనపడకపోతే వాళ్లింటి పెద్దవాళ్లు ఊరుకోరు. ఊరుకోకపోవడం న్యాయం కూడా.

ఇక సమయం. తెలుగు పెళ్లిలో గట్టిమేళమే మీ గంట. పురోహితుడు బాజావాళ్లకు చెయ్యెత్తేసరికి మీరు జాగా పట్టుకుని, ఫోకస్ పెట్టుకుని ఉండాలి. జీలకర్రబెల్లం పెట్టే చేతులు, అడ్డుతెర దిగాక ఒకరినొకరు చూసుకునే చూపు, మంగళసూత్రం, ఇవి ఒక్క మనిషి రెండు వైపుల నుంచీ తీయలేని ఘట్టాలు. అందుకే పై లెక్కలో రెండో మనిషిని వేశాను. ఆ 4,000 మిగిల్చుకోవద్దు. ఒడియా పెళ్లిలో కన్యాదానం, హాతగంఠి దగ్గర వధూవరుల చేతులు కలిపి కట్టేటప్పుడు పురోహితుడు ముందుకు వంగి మొత్తం కప్పేస్తారు. ఆయనకు ఎదురుగా, నేల మట్టానికి కూర్చుంటేనే చేతులు కనపడతాయి. పెళ్లికూతురి ముకుట (కిరీటం) కళ్ల మీద నీడ వేస్తుంది, లైటు మరీ పైనుంచి వస్తే కళ్లు నల్లటి గుంటలవుతాయి. అక్కడ లైటును మొహం ఎత్తుకు దింపాలి. ఆడవాళ్లు నాలుకతో చేసే మంగళధ్వని, హుళహుళి, మొదలైందంటే ముఖ్యమైన ఘట్టం వచ్చినట్టు. తంతు మొదలుకాకముందే పంతులుగారి దగ్గరికి వెళ్లి, సూత్రం కట్టించే ముందు ఒక్కమాట చెప్పమని మర్యాదగా అడగండి. చాలామంది చెబుతారు.

ఇవన్నీ చేతికొచ్చాక కెమెరా. అప్పుడూ కొత్తదే కావాలని లేదు. చూడవలసిన మొదటి గుణం రెండు కార్డుల స్లాటు. చవక మోడళ్లలో చాలావాటికి ఒక్కటే ఉంటుంది. ముహూర్తం తీసిన ఒకే కార్డు పాడైతే తిరిగి తీయడానికి మళ్లీ పెళ్లి జరగదు. ఏ కంపెనీ అన్నదానికి మీ చుట్టుపక్కల ఎక్కువమంది వాడేదే తీసుకోండి. లెన్స్ జామైన రాత్రి పక్క ఫొటోగ్రాఫరు దగ్గర అప్పు తెచ్చుకోవచ్చు. ఒక 24-70 ఎఫ్2.8 జూమ్ లెన్సు, ఒక 50 లేదా 85 ఎఫ్1.8 లెన్సు, రెండు ఫ్లాష్‌లు, మూడు బ్యాటరీలతో పని మొదలవుతుంది. దూరం నుంచి తీసే 70-200 లెన్సు అవసరమైన రోజున అద్దెకు తెచ్చుకోవచ్చు.

సెకండ్ హ్యాండ్ కొంటే షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా ఎన్ని క్లిక్కులు కొట్టిందో) అడగండి. షట్టరు ఆయుష్షు మోడల్‌ను బట్టి సాధారణంగా లక్ష నుంచి రెండు లక్షల క్లిక్కుల దాకా కంపెనీలు చెబుతాయి. పెళ్లికి 2,500 చొప్పున ఏడాదికి ఇరవై పెళ్లిళ్లు చేస్తే 50,000 అయిపోతాయి, దాన్నిబట్టి మిగిలిన ఆయుష్షు లెక్కగట్టండి. తెల్లగోడను ఎఫ్16లో (లెన్సు రంధ్రం బాగా చిన్నది చేసి) తీసి పెద్దది చేసి చూస్తే సెన్సారు మీది మచ్చలు తెలుస్తాయి. లెన్సు వెనక నుంచి టార్చి వేస్తే సాలెగూడులాంటి పోగులు కనపడొచ్చు. అది ఫంగస్, బేరం వదిలేయండి. బిల్లు మీది నంబరూ కెమెరా మీది నంబరూ ఒకటేనా చూడండి. మీ వైపు వానాకాలం తేమ లెన్సులను తినేస్తుంది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి, చిన్న తేమ మీటరు పెట్టి 40-50 శాతం దగ్గర ఉంచితే చాలు. సంచిలోనే నెలల తరబడి ఉంచకండి.

ఫొటోలను కాపాడటం తీయడమంత పని. 24 మెగాపిక్సెల్ రా (కెమెరా సరిదిద్దని అసలు) ఫైలు 25-30 ఎంబీ ఉంటుంది, 2,500 ఫొటోలంటే 70 జీబీ దరిదాపు. 4కే వీడియో 100 ఎంబీపీఎస్‌లో తీస్తే గంటకు 45 జీబీ. ఆ రాత్రే రెండు హార్డ్ డిస్కుల్లోకి ఎక్కించి, ఒకటి మీ ఇంట్లో, ఇంకొకటి వేరే ఇంట్లో పెట్టండి. రెండు కాపీలూ తెరిచి చూసుకునేదాకా కార్డు ఫార్మాట్ చేయొద్దు. పొరపాటున ఫార్మాట్ అయిపోతే దానితో ఒక్క ఫొటో కూడా తీయకుండా పక్కన పెట్టేయండి. పైన కొత్తవి రాయకపోతే ఫొటోరెక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చాలావరకు తిరిగొస్తాయి.

ఆల్బమ్ దగ్గర డబ్బు పోయే దారులు వేరు. 12×36 అంగుళాల కరిజ్మా ఆల్బమ్ షీటుకు 300 డీపీఐలో 10,800×3,600 పిక్సెళ్లు కావాలి. మడత మీద మొహం రాకూడదు, అంచుల నుంచి అర అంగుళం వదలాలి. మానిటరు మరీ వెలుగుగా ఉంటే ఫొటోలు అక్కడ బాగుండి అచ్చులో నల్లబడతాయి. మొత్తం ఆల్బమ్ పంపేముందు ఒక షీటు అచ్చు వేయించి పోల్చుకోండి. మీకు తెలుగు, ఒడియా రెండూ రాయాలి కదా, పాత ఫొటోషాప్‌లో వరల్డ్ రెడీ లేఅవుట్ అనే సెట్టింగ్ పెట్టకపోతే వత్తులు విడిపోయి పేర్లు చెడిపోతాయి. కవరు మీది పేర్లు ఆ ఇంట్లో చదువుకున్నవాళ్లకు వాట్సాప్‌లో పంపి, సరే అన్నాకే ల్యాబ్‌కు పంపాలి. పేరు తప్పు పడితే కొత్త కవరు ఖర్చు మీదే.

చుట్టాలైనా సరే, కాగితం మీద రాసుకోండి. ఎడ్వాన్స్ 40 శాతం, ముహూర్తం రోజున 40, ఆల్బమ్ ఇచ్చేటప్పుడు 20 అనుకుంటే మీ చేతి డబ్బు ఇరుక్కోదు. ఆల్బమ్‌కు ఫొటోలు ఎంచి ఇవ్వడంలోనే ఇళ్లవాళ్లు నెలలు గడిపేస్తారు. 30 రోజుల్లో ఎంచకపోతే మీరే ఎంచుతామనీ, ఫైళ్లు ఏడాది వరకే దాస్తామనీ రాయండి. ఇంకోటి, చాలామందికి తెలియనిది: 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవారే. కాబట్టి పెళ్లికూతురి ఫొటో మీ ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకోవడానికి ఒప్పుకుంటున్నామని వాళ్ల సంతకం ఉండాలి. ఇష్టం లేనివాళ్లవి పెట్టొద్దు. ఏడాది రాబడి 20 లక్షలు దాటేవరకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, శ్రీకాకుళం జిల్లాకొచ్చి పనిచేసినా అంతే. డ్రోన్ జోలికి ఇప్పుడే పోకండి. 250 గ్రాములు దాటినదాన్ని డబ్బు తీసుకుని ఎగరేయాలంటే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి.

అమ్మగారి భయాన్ని కొట్టిపారేయకండి. పెళ్లిళ్లు తెల్లవారుజామున ముగుస్తాయి, మీ జిల్లాలో ఘాట్ రోడ్లున్నాయి, రాత్రంతా నిలబడి మూడింటికి బండి నడపడం ఎవరికీ మంచిది కాదు. తెల్లారేదాకా ఉండటానికి తలుపు గడియ ఉన్న గది, లేదా కారులో ఇంటిదాకా దింపడం, ఇది ఆర్డరు కాగితంలోనే రాయించండి. రెండో మనిషిగా తమ్ముడో నమ్మకమైన స్నేహితురాలో ఉంటే ఇంకా మంచిది. అదే సమయంలో ఫొటోగ్రాఫరు ఆడమనిషే కావాలని వెతుకుతున్న ఇళ్లూ ఉన్నాయి. పెళ్లికూతుర్ని చేసేటప్పుడు, మంగళస్నానం, సమర్త, సీమంతం, బాలింత, పసిబిడ్డ, ఈ గదుల్లోకి మగవాళ్లు వస్తే ఆడవాళ్లు బిగుసుకుపోతారు. వీటిలో చాలావరకు పగటి పూటవే. మీ మొదటి సొంత ఆర్డర్లు ఇవే కావాలి.

పెళ్లిళ్లు లేని నెలల్లో చీరలు, కొమ్ము బొమ్మలు, జీడిపప్పు అమ్మేవాళ్లకు సరుకు ఫొటోలు తీయొచ్చు. అక్కడ అందం కంటే రంగు ముఖ్యం. చీర ఒక రంగు చూపి ఇంకో రంగు పంపితే సరుకు తిరిగొస్తుంది. ప్రతి వరసలో మొదటి ఫొటో గ్రే కార్డుతో (రంగు సరిచూసుకోవడానికి పెట్టే బూడిదరంగు అట్ట) తీయండి.

కోర్సుల గురించి మీరు అడగలేదు, అయినా ఎవరో ఒకరు చెబుతారు. హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ)లో ఫొటోగ్రఫీ బీఎఫ్ఏ నాలుగేళ్లు, కటక్‌లోని బిజూ పట్నాయక్ ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్‌లో సినిమాటోగ్రఫీ డిప్లొమా ఉన్నాయి. ప్రకటనల వైపో సినిమా వైపో వెళ్లాలనుకుంటే వాటికి విలువ ఉంది. పర్లాకిమిడిలో పెళ్లిళ్లు చేయడానికి మీకు మళ్లీ నాలుగేళ్ల చదువు అక్కర్లేదు. మూడు నెలల సర్టిఫికెట్‌కు పెద్ద ఫీజు అడిగేవాళ్ల దగ్గర ఒక్కటే అడగండి: రాత్రి పెళ్లిలో ఎన్నిసార్లు చేత్తో తీయిస్తారు?

సవర గిరిజనుల ఊళ్లకో, నియమగిరి కొండల దిగువన చాటికోన బుధవారం సంతకో వెళ్లి ఫొటోలు తీసి పోటీలకు పంపాలని కూడా మీకు అనిపించొచ్చు. అనుమతి అడగకుండా తీయకండి, ఆ కొండల్లోని డోంగ్రియా తెగ ఆడవాళ్లు మొహం తిప్పుకుంటే అదే వాళ్ల జవాబు. మీ ఊళ్లోనే పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి ముందు సవర భాష నేర్చుకున్నారు, ఆ తర్వాతే వ్యాకరణం, నిఘంటువు రాశారు. మీరూ పదిసార్లు వెళ్లి, నాలుగు మాటలు నేర్చుకుని, తీసిన ఫొటో అచ్చు వేయించి వాళ్ల చేతికిచ్చే ఓపికుంటేనే మొదలుపెట్టండి.

నాన్నగారు చెప్పిందీ పక్కన పెట్టొద్దు. ఖాళీ నెలల్లో బ్యాంకు పరీక్షలకు చదవండి, రెండేళ్లు రెండూ సాగుతాయి. రెండు సీజన్లయ్యాక మూడు చూసుకోండి. మిమ్మల్నే పేరుపెట్టి పిలిచిన ఇళ్లు కనీసం ఐదున్నాయా? ఒక ముహూర్తం మొత్తం మీరే మొదటి ఫొటోగ్రాఫరుగా తీసి ఒప్పించారా? సంపాదనలోంచి 60,000 మిగిలిందా? మూడూ ఉంటే అప్పుడు చిన్న వ్యాపారాలకు కేంద్రం పెట్టిన ముద్రా పథకంలో యాభై వేల లోపు శిశు లోను చాలు, మూడు లక్షలు అక్కర్లేదు. లేకపోతే ఉద్యోగం చేస్తూ ఆదివారం ఫంక్షన్లు చేసుకోవచ్చు. చాలామంది అలాగే చక్కగా చేస్తున్నారు.

ఈలోగా బాబాయిగారి కెమెరాతో ఒక పని చేయండి. రాత్రి అమ్మగారిని ఎర్ర చీరలో, ఒక్క ఎల్ఈడీ బల్బు కింద కూర్చోబెట్టండి. 1/50, 1/100, 1/125, 1/250 దగ్గర ఒక్కో ఫొటో, ఒక్కోదానికీ ఐఎస్‌ఓ సరిచేస్తూ తీయండి. కంప్యూటర్లో పెద్దవి చేసి చారలు ఎక్కడ వచ్చాయో, చీర మడతలు ఎక్కడ పోయాయో, కళ్ల కింద నీడ ఎంత ఉందో కాగితం మీద రాయండి. తర్వాత బల్బు పక్కకు, మొహం ఎత్తుకు దింపి మళ్లీ తీయండి. ఆ కాగితం, ఆ ఎనిమిది ఫొటోలూ పట్టుకుని ఊళ్లో మంచి ఫొటోగ్రాఫరు దగ్గరికి వెళ్లి పని అడగండి.